దీపం కొండెక్కేదాకా

కృత్తిక కార్తె, సోమవారం. మొదటి షిఫ్టు.

పంకా తిరుగుతోంది. కుడివైపు పెడలు కిర్రుమంటోంది. గ్రీజు అడిగితే వచ్చే నెల చూద్దామన్నారు. పోయిన వానల్లో గాలి దిగే పాత బావి బురదతో పూడుకుపోయినప్పటి నుంచీ కింది గల్లీ గాలి బరువెక్కింది, మా పిక్కలు పట్టేస్తున్నాయి. తొక్కినవాళ్లు: ఓదెలు సారు, జమీలు, నేను కౌసల్య.

ఈ చిట్టాలో పంకా సంగతులే రాయాలని పెద్దాయన మొండయ్య హుకుం. పంకా సంగతి రెండు ముక్కల్లో తేలిపోతుంది. మిగిలిన కాగితం ఖాళీగా వదిలే గుణం నాకు లేదు. అందుకని మా ముగ్గురి కేసు కూడా ఇందులోనే రాస్తున్నాను. ఇష్టం లేనివాళ్లు పేజీ తిప్పుకోవచ్చు.

కేసు ఇదీ. భరణి కార్తె చివర్లో ముసలి ఐలవ్వ పోయింది. ఆచారం ప్రకారం ఆమెను పంకా ముందున్న చౌరస్తాకు తెచ్చి పడుకోబెట్టి, తలాపున దీపం పెట్టి, పంకా ఆపేశాం. పోయిన మనిషి ఊపిరిని పంకా లాక్కుపోకూడదు, దానంతట అది సాగిపోవాలి. దీపం కొండెక్కేదాకా ఎక్కడివాళ్లం అక్కడ చేతులు కట్టుకుని నిలబడతాం. పైన ఎండలకు మనుషులు పిట్టల్లా రాలుతుంటే మా తాతలు ఈ పాత బొగ్గుగనిలోకి దిగారు. కరెంటు పంకా ఆగిపోయి తొక్కుడు పంకా వచ్చింది. అప్పటి నుంచీ ఇదే పద్ధతి.

ఆ రోజు అయినవాళ్లంతా ఉన్నారు, ఐలవ్వ అల్లుడు రాజలింగు ఒక్కడే లేడు. దీపం ఆరి, పంకా మళ్లీ తిరిగి, ఏడుపులు కాస్త సద్దుమణిగాక వెతికితే, మేము నీళ్లు పట్టుకునే కింది గల్లీ మలుపులో బోర్లా పడి కనిపించాడు. నుదురు చిట్లి ఉంది. పక్కన ఖాళీ బకెట్టు. అతని టోపీ దీపం మాత్రం మాయం. ఒక్క పూటలో ఐలవ్వ కూతురు శంకరమ్మకు తల్లీ పోయింది, మొగుడూ పోయాడు.

ఇక్కడ పోలీసులు లేరు. మొండయ్య ఉన్నాడు, సభ ఉంది. పెడళ్ల మీద కూర్చుని నోరు ఆడించే మేము ఉన్నాం. కాళ్లకు పని ఉన్నంతసేపూ నోటికి కూడా పని కావాలి కదా.

"అత్త దీపం ఇడిశిపెట్టి కిందికెందుకు పోయిండు? గదీ అసలు సంగతి" అంటాడు ఓదెలు సారు. ఒకప్పుడు పిల్లలకు ఎక్కాలు చెప్పినవాడు, ఏ మాటన్నా బెత్తం పట్టుకున్నట్టే అంటాడు. "నీళ్లకైతే దీపం ఆరినంక పోతుండె. ఎవలో రమ్మన్నరు. అందుకే పోయిండు."

"ఎవలు రమ్మన్నా, రమ్మనకున్నా, దీపం కోసమే చంపిన్రు సార్" అంటాడు జమీలు. "మంచి బ్యాటరీ ఉన్న టోపీ దీపాలు గనిల ఎన్నున్నయ్ చెప్పుర్రి?"

"గాయం ముందట ఉన్నది" అన్నాను నేను. "అంటే ఎదురుంగ నిలబడి కొట్టిండు. గంత దగ్గరికి రానిచ్చిండంటే ఎరుకైన మనిషే."

ఇద్దరూ ఒక్క క్షణం తొక్కడం మానేశారు. నా మాటకు అంత బలం ఉందని రాసుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

కృత్తిక కార్తె, గురువారం.

పంకా తిరుగుతోంది. గ్రీజు రాలేదు.

టోపీ దీపం దొరికింది. బానేషు పరుపు కింద.

బానేషు పోయిన ఏడాది పైనుంచి వచ్చినవాడు. ముఖమంతా ఎండకు కమిలి చారలు పడి ఉంటుంది. ఒంటరిగా తింటాడు, ఒంటరిగా పడుకుంటాడు. గాలిలో ఉప్పు ఎక్కువైందనో, నీళ్లలో ఇనుము వాసన వస్తోందనో సణుగుతూ ఉంటాడు. అతనంటే నాకు మొదటి నుంచీ గిట్టదు. ఉన్న మాట ఇక్కడే రాస్తున్నాను.

ఈ రోజు పెడళ్ల మీద కేసు మొత్తం అల్లేశాను. ఒకటి, నీళ్ల వంతు దగ్గర రాజలింగుకూ బానేషుకూ ఒకసారి గట్టిగా మాటా మాటా అయింది, అందరూ విన్నదే. ఇంకొకటి, పంకా ఆపిన పూట అతను చౌరస్తాలో కనపడలేదు. నిద్రపోయానంటాడు, చూసినవాళ్లు లేరు. దీపం అతని దగ్గరే దొరికింది. తోవలో పడి ఉంటే తీసుకున్నానంటాడు. కానీ తోవ పక్కనే, మలుపులోనే శవం ఉంది. దీపం కనపడ్డవాడికి మనిషి కనపడలేదా?

"గంతే! గింకేం గావాలె?" అన్నాడు ఓదెలు సారు, పెడలు మీద చెయ్యి చరిచి.

జమీలు మాత్రం నసిగాడు. "దీపం తీసుకుంటే దొంగ అయితడు అక్కా. దొంగంటే హంతకుడేనా?"

"నువ్వే గదరా మొన్న దీపం కోసమే చంపిన్రన్నవ్?" అన్నాను. వాడు తల దించుకుని తొక్కాడు. చెవులు ఎర్రబడ్డాయి. షిఫ్టు దిగగానే మొండయ్య దగ్గరకు వెళ్లి వరసగా అన్నీ చెప్పాను. ఆయన మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు.

కృత్తిక కార్తె, శనివారం.

పంకా తిరుగుతోంది.

సభ జరిగింది. నన్ను లేచి చెప్పమన్నారు. పెడళ్ల మీద చెప్పినదాని కంటే ఇంకా బాగా చెప్పాను. చివర్లో శంకరమ్మ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది.

తీర్పు: రోహిణి కార్తె మొదటి రోజు బానేషును పైకి పంపాలి. రోహిణి ఎండలోకి పోయినవాళ్లు తిరిగి వచ్చిన దాఖలా మా గనిలో లేదు. అప్పటిదాకా ఎక్కడ ఉంచాలని మొండయ్య అడిగితే, కింది గల్లీకి ఇనుప గేటు ఉంది కదా, చేసిన చోటే ఉండనీ అని అన్నది నేనే. గేటు తాళంచెవి మొండయ్య మెడలో వేసుకున్నాడు.

కృత్తిక కార్తె, మంగళవారం.

పంకా తిరుగుతోంది. ఓదెలు సారు సగం షిఫ్టులోనే దిగిపోయాడు. ఆయన భార్య రాజవ్వకు ఆయాసం ఎక్కువైంది.

ఈ రోజు బానేషుకు గటక ఇచ్చే వంతు నాది. గేటు కింద నుంచి గిన్నె తోసి ఊరికే వచ్చేయొచ్చు. కానీ ఒప్పుకోలు కూడా నా చేతే రాబట్టాలని నాకు దురద.

"చెప్పు, ఏం పెట్టి కొట్టినవ్?" అన్నాను.

"నేను కొట్టలే అక్కా."

"దీపం ఎందుకు దాసిపెట్టినవ్?"

"నాకు దీపం లేకుండె. దొరికింది, దాసుకున్న. తప్పే." గిన్నె తీసుకోలేదు, కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. "పంకా సప్పుడు మళ్లా మొదలైనంక నీళ్లకు దిగిన. దీపం ఎలుగుతాంది నేల మీద. వంగి తీసుకున్న. గంతే, తల గిర్రున తిరిగింది. గుండె దడదడ కొట్టుకుంది. వెనక్కి ఉరికిన. మలుపు దిక్కు సూడనేలేదు."

"తప్పు జేసినోనికి గుండె కొట్టుకోకపోతే ఏం జేస్తది?" అన్నాను.

అతను నా ముఖంలోకి చాలాసేపు చూశాడు. నేను ఒప్పుకోలు వస్తుందనుకున్నాను.

"నీ మాట ఇంటడు మొండన్న. మృగశిర దాకా ఆగుమని చెప్పు అక్కా. చినుకు పడ్డంక పంపుమను. పైన నేను బతికినోన్ని, చినుకు పడ్డదంటే ఎట్లనన్న బతుకుత. రోహిణిల పంపితే సావే."

చెప్తానని అన్నాను. చెప్పలేదు. ఇంత కష్టపడి గెలిచిన కేసును చేజేతులా సడలించుకోవడం ఎందుకనిపించింది.

కృత్తిక కార్తె, చివరి రోజు.

పంకా ఆగింది. మళ్లీ తిరిగింది. మధ్యలో జరిగింది రాస్తున్నాను.

పొద్దున్నే రాజవ్వ పోయింది. ఓదెలు సారు ఆమెను తనే ఎత్తుకుని చౌరస్తాకు తెచ్చాడు. నేనూ, జమీలూ, సారు చోటులో రెండో షిఫ్టు మనిషీ పెడళ్ల మీద ఉన్నాం. తలాపున దీపం పెట్టారు. మొండయ్య చెయ్యెత్తాడు. కాళ్లు ఆపాం. రెక్కలు మెల్లమెల్లగా ఆగిపోయాయి.

సారు ఏడవలేదు. భార్య ముఖం మీది వెంట్రుకలు సర్దుతూ కూర్చున్నాడు. దీపం సన్నబడింది. అప్పుడు ఆయన జేబులోంచి చిన్న సీసా తీశాడు. ఇంటికి ఇచ్చే నూనెలోంచి మిగుల్చుకున్నది కాబోలు. ఇంకో చెంచా పోశాడు. ఇంకాసేపు ఉండిపొమ్మని ఆమెను బతిమాలుకున్నట్టుగా పోశాడు. దీపం మళ్లీ నిలబడి వెలిగింది. అందరి కళ్లూ నీళ్లతో నిండాయి.

నాకూ నిండాయి. వెంటనే ఐలవ్వ దీపం గుర్తొచ్చింది.

తల్లి దీపంలో శంకరమ్మ కూడా ఇలాగే పోసింది. సరిగ్గా ఇలాగే, దీపం ఆరిపోతుందనగా. ఆ పూట పంకా ఎప్పుడూ లేనంతసేపు ఆగింది. ఇదివరకు పంకా ఆపినా కింది గల్లీకి పాత బావిలోంచి గాలి వచ్చేది. ఆ బావి పోయిన వానల్లోనే పూడుకుపోయింది. ఇప్పుడు ఆ గల్లీకి వచ్చే గాలి మేము తొక్కే గాలి ఒక్కటే. బానేషు తల గిర్రున తిరిగింది తప్పు చేసినందుకు కాదు. పంకా మొదలైనా కింద ఇంకా చెడ్డగాలి మిగిలే ఉంది. రాజలింగును ఎవరూ కొట్టలేదు. ఊపిరాడక ముందుకు పడ్డాడు. పడితే నుదురే చిట్లుతుంది, ఎదురుగా మనిషి అక్కర్లేదు.

ఇప్పుడు కింద బానేషు ఉన్నాడు, గేటు వేసి.

తొక్కడం మొదలుపెట్టాను. ఒక్కదాని బలానికి పంకా కదలలేదు. "జమీలూ, తొక్కురా!" అని అరిచాను. వాడు ఎందుకని అడగలేదు, తొక్కాడు. రెండో షిఫ్టు మనిషి దయ్యం పట్టినదాన్ని చూసినట్టు నన్ను చూసి కిందికి దూకేశాడు. రెక్కలు మూలిగి కొంచెం కదిలాయి.

"ఏయ్! ఏం జేస్తున్నవే?" అని మొండయ్య కేక.

"కింద మనిషున్నడు! గాలి లేదు కింద! తాళం దియ్యుర్రి!"

ఎవరికి అర్థమవుతుంది ఆ మాట? రోజూ నాలుగు మాటల్లో చెప్పగలిగినదాన్ని ఆ పూట నలభై మాటలు చెప్పినా ఒక్కటీ కుదరలేదు. నలుగురు ఆడవాళ్లు నన్ను పట్టుకుని లాగారు. జమీలును మగవాళ్లు లాగారు. ఓదెలు సారు భార్య దగ్గర నుంచి లేచి నా ముందుకు వచ్చాడు.

"నా రాజవ్వ ఊపిరి గుంజుకపోతున్నవా కౌసల్యా?" అన్నాడు. కోప్పడలేదు. నిజంగా అడిగాడు. "నీకు నేనేం జేసిన?"

"సారూ, దీపం ఊదెయ్యి. నీ కాళ్లు మొక్కుత. దీపం ఊదెయ్యి."

ఆయన వెనక్కి తిరిగి దీపం వంక చూశాడు. నా వంక చూశాడు. ఊదలేదు. ఎవరు ఊదగలరు? నేనైనా ఊదలేకపోయేదాన్నేమో. నా నోటికి ఎవరిదో కొంగు అడ్డుపెట్టి గట్టిగా పట్టుకున్నారు. దీపం చివరిదాకా వెలిగింది. చివరి చుక్కా ఇంకి, వత్తి ఎర్రగా మారి, పొగ లేచేదాకా నేను చూస్తూనే ఉన్నాను.

పంకా తిరిగి, గల్లీ తేరుకున్నాక గేటు తీశారు. బానేషు గేటు దగ్గరే పడి ఉన్నాడు. ఒక చెయ్యి ఇంకా కమ్మీలోనే ఇరుక్కుని ఉంది. నుదురు చిట్లింది. రాజలింగు గాయం ఎక్కడుందో అక్కడే.

రోహిణి కార్తె, మొదటి రోజు.

పంకా తిరుగుతోంది. ఓదెలు సారు రాలేదు.

రెండో షిఫ్టు వాళ్లు బానేషు సంగతి అప్పుడే తేల్చేశారు. ఎండకు భయపడి తలను గేటుకేసి బాదుకున్నాడని ఒకడు. కాదు, రాజలింగు దయ్యమే గొంతు పిసికిందని ఇంకొకడు. గేటుకు తాళం ఉంది, తాళంచెవి మొండయ్య మెడలో ఉంది, లోపలికి మనిషి పోయే వీల్లేదు కనక దయ్యమే అని చాలా తెలివిగా వాదిస్తున్నాడు. గాయం కూడా ఒకే చోట ఉంది చూడండి అంటున్నాడు. మాట్లాడే తీరంతా నాదే.

బానేషుకు దీపం పెట్టలేదు. హంతకుడికి పంకా ఆపేది లేదన్నారు. మూట కట్టి పై ద్వారం బయట వదిలి వచ్చారు.

షిఫ్టు మధ్యలో శంకరమ్మ వచ్చింది. ఓదెలు సారు చోటు ఖాళీగా ఉంటే ఎక్కి కూర్చుని తొక్కసాగింది.

"నిన్న దీపం ముందట ఎందుకు తొక్కినవ్ అక్కా?"

చెప్పాను. పాత బావి, కింది గాలి, పంకా. రాజలింగు అత్తకు స్నానం నీళ్ల కోసమే కిందికి పోయి ఉంటాడని, అందుకే బకెట్టు పట్టుకుపోయాడని కూడా చెప్పాను. నూనె మాట ఎత్తలేదు.

"నీళ్లకా" అంది. "మా అవ్వకు సల్లని నీళ్లంటే పడదు. ముందుగాల తెచ్చి కాగబెడదామని పోయిండు గావచ్చు." ఆ తర్వాత షిఫ్టు అయ్యేదాకా తొక్కుతూనే ఉంది. దిగి వెళ్తూ, చౌరస్తాలో తలాపు దీపం పెట్టే చోట ఆగి నేల తడిమింది. తల్లి గుర్తొచ్చింది కాబోలనుకున్నాను.

రోహిణి కార్తె, శుక్రవారం.

పంకా తిరుగుతోంది.

సభ నా మీదే. దీపం ముందు పంకా తొక్కినందుకు. ముందు నా మాట వినమన్నాను. ఇక మీదట ఎవరు పోయినా పంకా ఆపొద్దని, ఆపితే కింది గల్లీలో ఉన్నవాళ్లు చస్తారని చెప్పాను. నీళ్లకు రోజూ ఎవరో ఒకరు దిగే గల్లీ అది. ఈసారి పిల్లలే ఉండొచ్చు. అది ఆగాలి, నాకు ఇంకేం అక్కర్లేదు. నన్ను రోహిణిలోకి పంపినా సరే అన్నాను.

నా మాటలకు నా మాటలతోనే జవాబు చెప్పారు. "నీళ్ల వంతు కాడ కొట్లాడలేదా? నువ్వే చెప్తివి." "దీపం కనవడ్డోనికి మనిషి కనవడడా? నువ్వే అడిగితివి." ఒక్కొక్కటీ వరసగా, నేను చెప్పిన క్రమంలోనే. బానేషును చంపింది చెడ్డగాలి అయితే అతను అమాయకుడన్నమాట. అమాయకుణ్ని బోనులో పెట్టామని ఒప్పుకోవాలి. ఎవరికీ ఆ సరదా లేదు.

చివరకు మొండయ్య అన్నాడు. "మంచిది కౌసల్యా. పాత బావి పూడినంక గూడ ఇద్దరు ముగ్గురు పోయిన్రు. పంకా ఆపినం. కింద నీళ్లు పట్టేటోళ్లకు ఏం గాలేదు. ఆ ఒక్క పూటనే ఎందుకయింది? దీనికి జవాబు చెప్పు, ఇంటం."

జవాబు నా నాలుక మీద ఉంది. ఒక్క చెంచా నూనె. అది చెబితే గెలుస్తాను. ఎదురుగా మొదటి వరసలో శంకరమ్మ కూర్చుని ఉంది. ఆమె పక్కన, రాజవ్వ పోయాక మొదటిసారి బయటకు వచ్చిన ఓదెలు సారు. జమీలు నా వైపు చూసి కళ్లతోనే వద్దన్నాడు. వాడికీ తెలిసిపోయింది.

"తోచడం లేదు" అన్నాను.

సభలో నవ్వులు వినిపించాయి. మొండయ్య తీర్పు చెప్పడానికి గొంతు సవరించుకున్నాడు. అప్పుడు శంకరమ్మ లేచింది.

"ఆమెకు తోస్తనే ఉన్నది. చెప్తలేదు" అంది. "ఆ పూట మా అవ్వ దీపం ఆరిపోతుండె. నేను ఆరనియ్యలే. ఇంకింత నూనె పోసిన. అందరు సూసిన్రు. గందుకే అయింది."

ఎవరూ నవ్వలేదు. మొండయ్య నా వైపు తిరిగాడు.

"నిజమేనా?"

అబద్ధం చెబితే శంకరమ్మ ఈ ఒక్క పూట నిద్రపోతుంది. రేపో ఎల్లుండో ఇంకెవరో పోతారు, పంకా ఆగుతుంది.

"నిజమే" అన్నాను.

మొండయ్య మెడలోంచి గేటు తాళంచెవి తీసి నేల మీద పెట్టాడు. తర్వాత, ఇక మీదట దీపం పెట్టుకోవచ్చు కానీ పంకా ఆపేది లేదు అన్నాడు. నా శిక్ష మాట ఎవరూ ఎత్తలేదు. జనం ఒక్కొక్కరే లేస్తున్నారు, ఒకరి ముఖం ఒకరు చూడకుండా.

శంకరమ్మ కూర్చోలేదు. నా దగ్గరకు వచ్చింది. ఆనాడు నా చేతులు కళ్లకద్దుకున్నప్పుడు ఎంత దగ్గరగా నిలబడిందో, అంత దగ్గరగా.

"అక్కా, నీకు అన్నీ తెలుస్తయి. ఆ చెంచెడు నూనె పొయ్యకపోతే మా ఆయన బతికేటోడా?"

ఆమె భుజం వెనక ఓదెలు సారు కూడా వెళ్లకుండా ఆగిపోయి, నా నోటి వంకే చూస్తున్నాడు.